తగాదా కావలెను

ఆ వీధి చివర కంచె ఉంది. కంచె అవతల కూడా అదే వీధి ఉంది, కాకపోతే అది వేరే ప్రభుత్వానిది. యుద్ధం ఆగిన ఏడాది ఎక్కడో ఎవరో పెద్దమనుషులు పొడుగాటి బల్ల ముందు కూర్చుని మ్యాపు మీద ఒక గీత గీశారు. వాళ్ల చేతి కింద ఏ వీధి ఉందో, ఆ వీధిలో ఎవరి పెరడు ఉందో వాళ్లకి తెలియదు. గీత తిన్నగా ఒక చాకిరేవు పెరట్లోంచి పోయింది. నీళ్ల పైపూ సిమెంటు తొట్లూ ఉతికే బండలూ అటు పడ్డాయి. కరెంటు స్తంభమూ ఇస్త్రీ బల్లలూ ఇటు పడ్డాయి. వదిన అటు ఉండిపోయింది, మరదలు ఇటు.

ఈ మరదలినే వీధంతా ఇస్త్రీ పిన్ని అంటారు. గది చిన్నది, కిటికీ పెద్దది. పొద్దున్నే ఆవిరి ఆ కిటికీలోంచి బయటికొచ్చి, ఎటు వెళ్లాలో తోచనట్టు కాసేపు కంచె దగ్గర ఆగి, చివరికి ఎవర్నీ అడక్కుండా అటు వెళ్లిపోయేది. అనుమతి లేకుండా గీత దాటేది ఆ వీధిలో అదొక్కటే. మిగతా అన్నిటికీ గేటు కావాలి. ఆ గేటు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తెరుచుకునేది. వదిన ఉతికి ఆరేసిన మూటలు చక్రాల బండి మీద ఇటొచ్చేవి. పిన్ని ఇస్త్రీ చేసినవీ, మాసినవీ కలిసి అటు వెళ్లేవి. ఒక చొక్కా శుభ్రపడాలంటే రెండు దేశాలు తిరగాలి. అంత ప్రయాణం ఆ ఊళ్లో మనుషులకి కూడా లేదు.

గేటు తీసేవాళ్లు నీలం టోపీల వాళ్లు, అంటే అంతర్జాతీయ శాంతి సేన. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చి, ఇసుక బస్తాల మధ్య గుడిసెలాంటి చౌకీలో కూర్చునేవారు. వాళ్లు ఎవర్నీ పట్టుకోకూడదు, ఎవరింట్లోకీ పోకూడదు, ముందుగా కాల్చకూడదు. చూడాలి, చూసింది పైవాళ్లకి చెప్పాలి. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు పిన్ని కాసేపు ఆలోచించి, అయితే మా ఆయన ఉద్యోగమేనన్నమాట, ఆయనా అంతే, చూస్తాడు గానీ ఏమీ చెయ్యడు అంది. అరుగు మీద కూర్చున్న ఆయన ఆ మాట విన్నాడు. విని, ఏమీ చెయ్యలేదు.

కొన్ని నెలలకోసారి కెప్టెన్ మారిపోయేవాడు. ఒకాయనకి కోళ్లంటే భయం. ఇంకొకాయన వీధిలో కనబడ్డ ప్రతివాళ్లకీ సెల్యూట్ కొట్టి భుజం నొప్పి తెచ్చుకున్నాడు. మరొకాయనకి ఊరు అర్థమయ్యేసరికి తిరుగు విమానం వచ్చేసింది. ఇది అందరి విషయంలోనూ జరిగేదే. ఏ పిల్లాడు ఎవరి కొడుకో, ఏ కుక్క ఎవర్ని కరుస్తుందో, తెల్లజెండా ఏది, ఆరేసిన దుప్పటి ఏదో తెలిసేలోపు సామాను సర్దుకోమనేవారు. కొత్తాయన వచ్చి మళ్లీ దుప్పటి నుంచి మొదలుపెట్టేవాడు.

ఇప్పటి కెప్టెన్ నిద్రకళ్ల మనిషి. ఇంతమందిలో భాష నేర్చుకున్నది ఇతనొక్కడే. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, నేర్చుకున్నది గేటు దగ్గర, వదినా మరదళ్ల మధ్య నిలబడి. ఆ ఇద్దరూ బండి అటూ ఇటూ మారే ఆ కాస్త సేపూ నోరు మూసుకున్న రోజు లేదు. నువ్వు కాలర్లు మాడుస్తావంటే నువ్వు బొత్తాలు విరగ్గొడతావని, నీ చేతుల్లో బలం తప్ప బుర్రలో ఏం లేదంటే నీకు రెండూ లేవని, అలా వాన చినుకుల్లా మొదలై వడగళ్లలా ముగిసేది. ఈ పాఠాలన్నీ కెప్టెన్ శ్రద్ధగా బట్టీ పట్టాడు. అందుకని రోజూ పొద్దున్నే గుండె మీద చెయ్యి వేసుకుని, తల వంచి, ఎంతో మర్యాదగా ఇలా పలకరించేవాడు.

"ఏం పిన్నీ, ఇప్పటికి తెల్లారిందా నీకు? ఇవాళైనా ఇస్త్రీ చేస్తావా, నిన్నటిలా తగలబెడతావా?"

పిన్ని ఎప్పుడూ సరిదిద్దలేదు. అంత చక్కగా మాట్లాడే మనిషిని పాడుచెయ్యడం ఎందుకని.

ఒక పొద్దున్న కెప్టెన్ గేటు తీశాడు గానీ పలకరించలేదు. పెదవులు కదుపుతున్నాడు, మాట రావడం లేదు. పాపం, అతని దగ్గర ఎత్తిపొడుపులు బోలెడున్నాయి, విచారానికి మాత్రం ఒక్క మాట లేదు. చివరికి ఉన్నవాటిలోనే వెతుక్కుని, మీరిక్కడ వెలగబెట్టింది చాల్లే, పెట్టేబేడా సర్దండి అన్నారు మా పైవాళ్లు అన్నాడు.

విషయం ఏమిటంటే, ఈ గేటు దగ్గర ఏడాదిగా ఒక్క గొడవ జరగలేదు. రాయి పడలేదు, తూటా పేలలేదు. అంతర్జాతీయ సేనకి పెద్ద దేశాల నుంచి రావలసిన డబ్బు సరిగా రావడం లేదట, మనుషులు చాలడం లేదట. గొడవ లేని చోట చౌకీ ఎందుకన్నారు. చౌకీ ఎత్తేసి స్తంభానికి కెమెరా పెడతారు. మరి గేటు సంగతేమిటని పిన్ని అడిగింది. కెప్టెన్ తల దించుకున్నాడు. రెండు ప్రభుత్వాల ఒప్పందంలో ఒక మాట ఉంది. మధ్యలో మూడోవాడు నిలబడితేనే గేటు తెరవాలి. మూడోవాడు లేకపోతే గేటుకి అడ్డంగా ఇనప పట్టీ వేసి అతికేస్తారు.

ఆ పూట పిన్ని ఒక చొక్కాని నిజంగానే కాల్చింది. నీళ్లు లేని ఇస్త్రీ గది, కరెంటు లేని చాకిరేవు ఎన్నాళ్లు నడుస్తాయో ఆమెకి తెలుసు. అది కాదు ఆమెని కలవరపెట్టింది. పొద్దున లేచి బండి చక్రాల చప్పుడు వినకుండా, కాలర్ల గురించి ఒక్క మాట పడకుండా రోజు ఎలా మొదలవుతుంది? ఆ ముక్క పైకి అనలేదు. ఎవరైనా అడిగితే, పీడ విరగడవుతుంది అనేది.

మధ్యాహ్నం గేటు తీసినప్పుడు వదినకి సంగతి చెప్పింది. వదిన మూట దించి, దాని మీదే కూర్చుంది. కాసేపటికి తేల్చింది. గొడవ లేదనే కదా పోతున్నారు, గొడవ పెడితే సరి. మనకంటే చేతనైనవాళ్లు ఎవరున్నారు?

మర్నాడు పొద్దున ఇద్దరూ తయారై వచ్చారు. పిన్ని కొంగు బిగించింది. వదిన చేతులు నడుం మీద పెట్టింది. కెప్టెన్ గేటు తీసి, వినడానికి వీలుగా దగ్గరికి జరిగాడు. అంతే, ఇద్దరి నోళ్లూ పడిపోయాయి.

"వదినా, నువ్వు చాలా... అదే, రోజూ అంటూంటానే, అలాంటిదానివి" అంది పిన్ని.

"ఎలాంటిదాన్నే? సరిగ్గా అను, ఆయన వింటున్నాడు."

"ముందు మీరు మొదలుపెట్టండి వదినగారూ, పెద్దవారు."

"మీరా? నేను మీ ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచి ఒక్కనాడు నన్ను మీరు అన్న పాపాన పోలేదు. నీకేమన్నా జ్వరమా?"

వదిన తెరిచిన గేటులోంచి చెయ్యి చాపి మరదలి నుదురు పట్టుకుని చూసింది. ఇక లాభం లేదని పిన్ని పాత నిప్పు ఊదింది. పోయిన అన్నయ్య కోటు నీ దగ్గర ఎందుకుండాలి, నా పుట్టింటిది నాకివ్వు అంది. మామూలు రోజుల్లో ఆ కోటు మాటెత్తితే గంటసేపు వీధి దద్దరిల్లాల్సిందే. కానీ వదిన మెల్లగా, దాన్ని ఇప్పటికీ ఆరేసి తీస్తున్నానే, తడిసినా తడవకపోయినా అంది. దాంతో అయిపోయింది. ఇద్దరూ చెరో వైపు నిలబడి ముక్కులు చీదుకున్నారు. ఇటు సైన్యం కాపలావాడొకడు తన జేబురుమాలు ఇచ్చాడు. అటు సైన్యం వాడు మంచినీళ్లు తెచ్చాడు.

కెప్టెన్ జాలిగా చూసి, ఇది లెక్కలోకి రాదు పిన్నీ అన్నాడు. రెండు కుటుంబాల మధ్య కాదు, రెండు సైన్యాల మధ్య జరగాలి. పైగా ఇప్పుడు జరిగింది తగాదాకి పూర్తిగా వ్యతిరేకం. ఇది పైవాళ్లకి చెబితే రేపే లారీ పంపిస్తారు.

రెండు సైన్యాలు అనగానే పిన్నికి దారి దొరికింది. ఎవరూ పైకి చెప్పుకోని సంగతొకటి ఆ గేటు దగ్గర చాలాకాలంగా నడుస్తోంది. రెండు వైపుల సిపాయీల యూనిఫారాలూ ఈ వదినా మరదళ్ల దగ్గరికే వచ్చేవి. ఇటు వాళ్లవి ఆకుపచ్చ, ఉతకడానికి అటు వెళ్లేవి. అటు వాళ్లవి మట్టి రంగు, ఇస్త్రీకి ఇటు వచ్చేవి. సైన్యం చొక్కా శత్రువు నేల మీద ఆరిందని తెలిస్తే పై ఆఫీసర్లు ఊరుకోరు. అందుకని వాటిని దుప్పట్లలో చుట్టి పంపేవారు. ఇటు మీసాల సార్జెంటుకీ అటు బట్టతల సార్జెంటుకీ ఈ సంగతి తెలుసు. ఇద్దరూ తెలియనట్టు ఉండేవారు. అటు వైపు తీగ మీద ఆకుపచ్చా మట్టి రంగూ పక్కపక్కనే ఆరుతూ, గాలి వీస్తే ఒకదాని భుజం మీద ఒకటి చేతులు వేసుకునేవి. వాటికి యుద్ధం సంగతి ఎవరూ చెప్పలేదు.

మూటలు తారుమారు చేద్దాం అంది పిన్ని. వాళ్ల చొక్కాలు వీళ్లకీ వీళ్లవి వాళ్లకీ పోతే రెండు వైపులా అగ్గి పుడుతుంది, కెప్టెన్ దాన్ని పైకి చెబుతాడు, చౌకీ నిలబడుతుంది. వదినకి భయం వేసింది.

"తుపాకులు తీస్తేనో?"

"బనీన్లతో తీస్తారా? సిగ్గు ఉండదూ?"

అనుకున్నట్టే మూటలు మారాయి. పిన్ని కిటికీ పక్కన చేరి, చెవి బయట పెట్టుకుని కూర్చుంది. అరుపుల కోసం చూసింది. అరుపు లేదు. రెండు వైపులా ఒక వింత నిశ్శబ్దం. కాసేపటికి తలుపు దగ్గర నీడ పడింది. మీసాల సార్జెంటు. మండుటెండలో చలికోటు వేసుకుని మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు. లోపల చొక్కా లేదని చెమట చెబుతోంది.

పిన్నీ, నీ పుణ్యముంటుంది, ఎవరికీ చెప్పకు అని బతిమాలుకున్నాడు. సాయంత్రం మా ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు, మా చొక్కాలు గీత దాటాయని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది అన్నాడు. సరిగ్గా అదే సమయంలో అవతల బట్టతల సార్జెంటు వదిన ముందు, ఒంటికి దుప్పటి చుట్టుకుని, అదే పాట పాడుతున్నాడు.

మధ్యాహ్నం గేటు దగ్గర మార్పిడి జరిగింది. ఇద్దరు సార్జెంట్లూ ఇన్నేళ్లలో ఎదురెదురుగా నిలబడ్డది అదే మొదటిసారి. కెప్టెన్ వాళ్లకి వీపు చూపించి, ఆకాశంలో ఒక కాకిని దీక్షగా పరిశీలించాడు. పరిశీలించడమే కదా అతని ఉద్యోగం. మూటలు మారాయి. వెళ్లిపోతూ మీసాలాయన ఆగి, మీ చొక్కాలకి కూడా రెండో బొత్తాం విరుగుతోందా అని అడిగాడు. బట్టతలాయన ముఖం విప్పారింది. మీకూనా, మా వైపు ఆవిడ కాబట్టి మమ్మల్నే అలా బాదుతుందనుకున్నాం అన్నాడు. ఆ తరవాత ఒకాయన అగ్గిపెట్టె తీశాడు, ఇంకొకాయన సిగరెట్టు తీశాడు.

కిటికీలోంచి చూస్తున్న పిన్ని నెత్తి కొట్టుకుంది. తగాదా పెట్టబోతే శాంతి ఇంకాస్త ముదిరింది.

ఆ వారంలోనే ప్రధాన కార్యాలయం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, దుమ్ము పట్టిన బూట్లు, ఎన్నో దేశాల్లో నిద్ర చాలని కళ్లు. వెంట కెమెరా బిగించే మనిషి. గేటు తీసే వేళకి వచ్చి, బండి అటూ ఇటూ మారడం చూసింది. పిన్ని ఇక ఆగలేదు. ఆవిడ ముందు నిలబడి, అమ్మా, ఆ కెమెరా గేటు తీస్తుందా అని అడిగింది. కెప్టెన్ దాన్ని ఆవిడ భాషలోకి మార్చాడు. కెమెరా చూస్తుందని ఆవిడ చెప్పింది. చూసేవాళ్లకి ఇక్కడ కొదవలేదు, వీధంతా అదే పని మీద ఉంది అంది పిన్ని. ఆ మాటకి పెద్దావిడ నవ్వింది. నవ్వి, ఇసుక బస్తా మీద కూర్చుని, నెమ్మదిగా చెప్పింది. కెప్టెన్ ఈసారి ఒక్క ఎత్తిపొడుపూ కలపకుండా, వెతుక్కుంటూ వెతుక్కుంటూ అనువదించాడు.

"నా దగ్గర మనుషులు తక్కువ. ఇప్పటికీ కాల్పులు ఆగని ఊళ్లు ఉన్నాయి. అక్కడ నీలాంటి వాళ్లు బావికి వెళ్లాలన్నా మా కుర్రాళ్లు ముందు నడవాలి. వాళ్లని అక్కణ్ణుంచి తీసేసి ఇక్కడ ఉంచమంటావా? నువ్వు చెప్పు, ఉంచుతాను."

పిన్ని కళ్ల ముందు ఎవరో తెలియని ఒక ఆడమనిషి, చేతిలో బిందెతో, గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తున్నట్టనిపించింది. వద్దు అన్నట్టు తల ఊపింది. తీసుకెళ్లండి అంది.

అప్పుడు అవతలి వైపు నుంచి వదిన గొంతు లేచింది. తీసుకెళ్తే తీసుకెళ్లారు, గేటు ఎవరు తీస్తారో చెప్పి మరీ కదలమను ఆవిణ్ణి అని. మధ్యలో మూడోవాడు ఉండాలనే కదా ఒప్పందం, ఆ మూడోవాడు విమానంలోనే రావాలని రాసుందా?

కెప్టెన్ ఆ మాట అనువదించగానే పెద్దావిడ బస్తా మీంచి లేచింది. తరవాత ఇద్దరు సార్జెంట్లనీ పిలిపించింది. మీ ఇద్దరికీ నమ్మకమైన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఇటు బడి పంతులు పేరు వస్తే ఆయన వీళ్ల మనిషన్నారు. అటు డాక్టరు పేరు వస్తే ఆయన వాళ్ల మనిషన్నారు. పోస్టుమాను, రొట్టెల కొట్టాయన, అందరూ ఎవరో ఒకరికి దగ్గరే. నమ్మకానికి మనిషి దొరకలేదు. బట్టతల సార్జెంటు నెత్తి గోక్కుంటూ గోక్కుంటూ పిన్ని వైపు చూశాడు.

"ఈవిడైతే నాకు అభ్యంతరం లేదు. మా ఇద్దర్నీ సమానంగా తిట్టేది ఈవిడొక్కతే."

మీసాలాయనకి సంతోషం కలగాల్సింది పోయి అనుమానం కలిగింది. మా వైపు మనిషిని నువ్వెందుకు ఒప్పుకుంటున్నావు అన్నాడు. బట్టతలాయన వదిన వైపు గడ్డం ఎత్తి చూపించి, ఈవిడ ఒక్క నిమిషం మీ వైపు మొగ్గితే ఆవిడ బతకనిస్తుందా అన్నాడు. మీసాలాయన ఒకసారి వదినని, ఒకసారి పిన్నిని చూసి, నిజమే అన్నాడు.

అలా వదినా మరదళ్లిద్దరూ కలిసి మూడోవాడుగా కుదిరారు. గేటుకి రెండు తాళాలు, ఇటు ఒకటి అటు ఒకటి. రెండూ తీస్తేనే గేటు కదలాలి. చెరొక తాళంచెవి వదినా మరదళ్ల దగ్గర. పెద్దావిడ పైవాళ్లని అడిగింది, వాళ్లు ఇంకా పైవాళ్లని అడిగారు. రెండు ప్రభుత్వాల వాళ్లు కనుబొమలు ఎగరేసి, ఇదేం చోద్యం అన్నారు. కానీ కాదనడానికి మంచి కారణం ఎవరికీ తోచలేదు. చివరికి, ప్రయోగంగా చూద్దాం అనే మాట కింద అందరూ సంతకాలు పెట్టారు. ఎక్కడో ఒక సభలో శాంతి సేనల భవిష్యత్తు గురించి మాట్లాడుతూ ఎవరో ఈ గేటుని స్థానిక భాగస్వామ్యం అన్నారట. కెప్టెన్ ఆ మాట తెచ్చి చెబితే, వదిన దాన్ని తిట్టనుకుని గొడవకి సిద్ధపడింది.

కెప్టెన్ వెళ్లే రోజున ఇద్దరికీ చెరొక నీలం జాకెట్టు తొడిగాడు. షరతులు గట్టిగా చెప్పాడు. ఇది ఒంటి మీద ఉన్నంతసేపూ ఎవరి పక్షమూ పట్టకూడదు. గొంతు పెంచకూడదు. ఎవరినీ ఒక్క మాట అనకూడదు. చూడాలి, గేటు తియ్యాలి, వెయ్యాలి. ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు. అతను లారీ ఎక్కి, గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ, నాకు తెలిసిన మాటల్లో మంచివి ఏవో నాకు తెలియడం లేదు పిన్నీ అన్నాడు. పిన్ని, నువ్వన్నవన్నీ మంచివే నాయనా అంది. దుమ్ము రేగింది, చౌకీ ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ జాకెట్లు వేసుకుని గేటు దగ్గరికి వచ్చారు. రెండు వైపులా సిపాయీలు, ఇళ్లవాళ్లు, అరుగు మీంచి లేచి వచ్చిన పిన్ని మొగుడు, అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వదిన తాళం తీసింది. పిన్ని తాళం తీసింది. గేటు కిర్రుమంది. ఇనప పట్టీ పడాల్సిన చోట దారి తెరుచుకుంది. బండి ఇటు వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అంత గౌరవం ఆ వీధి భరించడం కష్టంగా ఉంది.

పిన్ని పైమూట విప్పి చూసింది. మొదటి చొక్కాకి రెండో బొత్తాం లేదు. రెండో చొక్కాకీ లేదు. మూడో దానికి బొత్తాంతో పాటు బట్ట కూడా కాస్త ఊడొచ్చింది. ఆమె మెడ మీద నరం కదిలింది. పళ్లు బిగబట్టి, గేటు కమ్మీలు లెక్కపెట్టినట్టు పైకీ కిందికీ చూసింది. అవతల వదిన అమాయకంగా ఆకాశంలోకి చూస్తూ, మొహం మీద చిన్న నవ్వు పెట్టుకుని నిలబడింది. ఇవాళ నువ్వేం చేస్తావో చూస్తాననే నవ్వది.

పిన్ని మూట కింద పెట్టింది. నీలం జాకెట్టు విప్పి, నలగకుండా మడత సరిచేసి, గేటు కమ్మీకి తగిలించింది. వదిన క్షణం తటపటాయించలేదు. తనదీ విప్పి పక్క కమ్మీకి తగిలించింది.

"ఇప్పుడు చెప్పు" అంది పిన్ని, కొంగు బిగిస్తూ. "ఆ బొత్తాలు నీకేం ద్రోహం చేశాయి?"

మీసాల సార్జెంటు నీడలోకి జరిగి నిలబడ్డాడు. బట్టతలాయన ఇసుక బస్తా మీద సర్దుకుని కూర్చున్నాడు. గొంతులు లేచాయి, ఆవిరి లేచింది, ఎవరో తోస్తే బండి తన మానాన తను ముందుకు కదిలింది. నీలం జాకెట్లు రెండూ గాలికి కొద్దిగా ఊగుతూ, పక్కపక్కనే, నోరెత్తకుండా కాపలా కాశాయి.